ఆంటీ వంతు చేపలు

ముప్పై ఏళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం ఏమిటంటే, మనం ఎంతసేపు మాట్లాడినా ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వినాల్సిందే. దేశం కాని దేశంలో మా ఊరు ఈ వెర్రిబీ, ఇందులో సగం మంది దవడలు నాకు తెలుసు. "లీలా, వాళ్ళకి పన్ను నొప్పి ఎప్పుడో తగ్గి ఉంటుంది, నీ కబుర్లు అయ్యేదాకా లేవలేక పడుకుని ఉంటారు" అనేవారు మా వారు వాసుదేవరావు గారు.

నేను రిటైరయిన మరుసటి ఏడాది ఆయన పోయారు. మాకు పిల్లల్లేరు. తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి పిలిచి పులిహోర పెడతారు, "హెల్త్ జాగ్రత్త ఆంటీ" అంటారు, మళ్ళీ దీపావళికి కనబడతారు. మధ్యలో ఆర్నెల్లు ఎవరితో మాట్లాడాలి? సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే మిషను "వస్తువు సంచిలో పెట్టండి" అంటే, "పెట్టానే తల్లీ, ఎందుకంత తొందర" అని తెలుగులో జవాబు చెప్పే స్థితికి వచ్చాను. వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు పాపం అన్నట్టు చూసేవారు. చూస్తే చూడనీ.

ఒంటరితనం నాకు ముందుగా నోట్లోనే తెలిసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడకపోతే నోరు పిడచకట్టుకుపోతుంది. అలా ఎండిపోతే పళ్ళకి మంచిది కాదమ్మా, నీళ్ళు తాగుతూ ఉండండి అని పేషెంట్లకి చెప్పేదాన్ని. నీళ్ళు తాగితే తీరే దాహం కాదని అప్పుడు నాకేం తెలుసు.

ఉపేంద్ర నాకు ఇండియన్ షాపులో దొరికాడు. నేను ఫ్రీజరు దగ్గర నిలబడి ఐసులో బిగుసుకుపోయిన బొచ్చె చేపని తిడుతున్నాను. మాది రాజోలు. గోదావరి పాయ పక్కన పుట్టి పెరిగినదాన్ని, అలాంటి చేపని చూస్తే ఒళ్ళు మండుతుంది. "పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు గానీ, దీనికి పుస్తెలు కాదు కదా, పిన్నీసు కూడా ఇవ్వను" అన్నాను పైకే. వెనకాల ఎవరో గట్టిగా నవ్వారు. తిరిగి చూస్తే ముప్పై ఐదేళ్ళ కుర్రాడు, పక్కన భార్య.

"అట్లయితే మాతోని రండి ఆంటీ," అన్నాడు. "మేము ఎవ్రీ సాటర్డే వెర్రిబీ సౌత్‌ల ఫిషింగ్‌కి పోతం. ఫ్రెష్ బ్రీమ్ చేపలు. నదిల నుంచి డైరెక్ట్ మీ పొయ్యి మీదికే."

వాళ్ళది కరీంనగర్. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అతను గోడౌన్లో సూపర్‌వైజరు, ఆ అమ్మాయి కిరణ్మయి నర్సు. ఫోను నంబర్లు రాసుకుంటుంటే అతను అడిగాడు. "ఆంటీ, మీకు సీనియర్స్ కార్డు ఉన్నదా?"

"ఉంది బాబూ. బస్సులో టిక్కెట్టు తగ్గిస్తారుగా, అది లేకుండా ఎలా?"

"సూపర్ ఆంటీ. గా కార్డ్ ఉంటే ఫిషింగ్ లైసెన్స్ కూడా అక్కర్లే."

ముసలిదానికి దండగ ఖర్చు లేకుండా చూస్తున్నాడు, ఎంత మంచివాడో అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున్న గేటు బయట హారన్ మోగింది. కారు నాకూ ఉంది, నడపడం నాకూ వచ్చు. కానీ మన కోసం ఒకళ్ళు వచ్చి హారన్ కొట్టడం, మనం "ఆఁ వస్తున్నా వస్తున్నా" అని తాళం కప్పకోసం వెతుక్కోవడం, అది ఎంత బావుంటుందో అన్నాళ్ళకి గుర్తొచ్చింది. వెనక సీట్లో కిరణ్మయి పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో వాళ్ళ ఫ్రెండు వెంకీ. నెల్లూరు వాడు, ట్రక్కు నడుపుతాడు, తెల్లారుజామున లేచి వచ్చినా నోరు మూతపడదు. నాకు సరిజోడు.

వెర్రిబీ సౌత్‌కి వెళ్ళే రోడ్డుకి రెండు పక్కలా కాలీఫ్లవర్ తోటలు. అవి దాటితే నది సముద్రంలో కలిసేచోట చెక్కల జెట్టీ. గాలి ఎముకలు కొరికేస్తుంది. వెంకీ నా గాలానికి రొయ్య ఎర గుచ్చి, దూరంగా విసిరి, రాడ్డు నా చేతికిచ్చాడు. "ఇట్టా పట్టుకోనుండండి ఆంటీ, చాలు. లాగినప్పుడు చెప్పండి, నేను చూసుకుంటా." నాకు మడత కుర్చీ వేశారు, ఒళ్ళో దుప్పటి కప్పారు, ఫ్లాస్కులోంచి అల్లం టీ పోశారు. రాడ్డు పట్టుకుని కూర్చోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఇక కబుర్లా, చెప్పాలా!

కాసేపటికి నా గాలానికి ఒక బ్రీమ్ పడింది. వెంకీ దాన్ని తీసి చూపిస్తుంటే చేయి ఊరుకోక దాని నోరు తెరిచి చూశాను. ముందు కొరకడానికి మొనదేలిన పళ్ళు. పక్కల గుల్లలు నమలడానికి గుండ్రటి దవడ పళ్ళు, మనకున్నట్టే. "పుచ్చు ఒక్కటీ లేదు, మీ ముగ్గురి కంటే నయం" అన్నాను. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు విని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలికి అని చెప్పాను.

అలా మొదలైంది. వారమంతా శనివారం కోసం బతికేదాన్ని. గురువారం నుంచే పిండివంటలు చేసేదాన్ని, ఒక వారం సున్నుండలు, ఒక వారం జంతికలు. ఊలు టోపీ కొన్నాను. మా వారు పోయాక నేను నా కోసం కొనుక్కున్న మొదటి వస్తువు అదే. ఇంటికొచ్చేటప్పుడు నాకు రెండు చేపలు శుభ్రం చేసి ఇచ్చేవారు. ఆదివారం చింతపండు పులుసు పెట్టి, మెంతిపిండి చల్లి, రెండు రోజులు తినేదాన్ని. ఇల్లంతా చేపల వాసన. మనుషులున్న ఇంటి వాసన.

వాళ్ళు దొంగచాటుగా పట్టేవాళ్ళు అనుకోకండి. సైజు విషయంలో పక్కా. ఎస్కీ అని ఇక్కడి వాళ్ళ ఐసు పెట్టె, దాని మూత మీద కొలబద్ద స్టిక్కరు అంటించి ఉండేది. బ్రీమ్ ఇరవై ఎనిమిది సెంటీమీటర్లకి అణుమాత్రం తగ్గినా వెంకీ "పో నాయనా, పెద్దై రా" అని నీళ్ళలోకి వదిలేసేవాడు. మనిషికి పది చేపలు, అది ఇక్కడి లిమిట్. ఆ లెక్కా తప్పేవారు కాదు. "ఆంటీవి ఇంకా ఏడున్నయ్ రా, కానియ్ కానియ్" అని ఉపేంద్ర అరిస్తే వెంకీ నా పక్కనే నిలబడి గబగబా గాలం వేసేవాడు. నేను పట్టలేకపోతున్నానని నా కోసం కూడా పడుతున్నారు కాబోలు, సొంత కొడుకులు చేస్తారా ఇంత అని మురిసిపోయాను. పది పట్టి నాకు రెండే ఎందుకిస్తున్నారని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. అబద్ధమెందుకు, పది ఇస్తే నేనేం చేసుకోను?

ఆ మిగతావన్నీ ఎక్కడికి పోయేవో తర్వాత తెలిసింది. ఉపేంద్ర ఇంటి గరాజులో రెండు పెద్ద ఫ్రీజర్లు ఉన్నాయి. ఎవరింట్లో పుట్టినరోజైనా గృహప్రవేశమైనా ఉపేంద్ర తెచ్చే బ్రీమ్ వేపుడుకి పెద్ద పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి వారం వారం ఫ్రీజరు నిండాలి.

చలికాలం ముదిరిన ఒక శనివారం ఫిషరీస్ ఆఫీసరు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, ఎండకి కమిలిన మొహం, నవ్వు మొహమే. ముగ్గురూ ఫోనుల్లో లైసెన్సులు చూపించారు. నేను పర్సులోంచి సీనియర్స్ కార్డు తీశాను. ఆమె ఎస్కీ మూత తీసి చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటొకటే కొలబద్ద మీద పెట్టి చూసింది. సైజు అన్నీ సరిపోయాయి. సంఖ్య ముప్పై దాటింది.

"మేము నలుగురం," అన్నాడు ఉపేంద్ర చప్పున.

"సరే. కానీ ఎవరి పది వాళ్ళే పట్టుకోవాలి, ఒకరి వంతు ఇంకొకరు పట్టకూడదు. తెలుసుగా?" అంది ఆమె మామూలుగానే. తర్వాత నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని అడిగింది. "ఇందులో మీరు పట్టినవి ఎన్ని?"

ఆ రోజు నేను పట్టింది ఒకటే. దాన్ని కూడా వెంకీయే లాగాడు.

ఉపేంద్ర వంక చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. షాపులో సీనియర్స్ కార్డు ఉందా అని అడిగినప్పటి మొహం అది. అప్పుడు అంతా ఒక్కసారి అర్థమైంది. దుప్పటి, మడత కుర్చీ, అల్లం టీ, గేటు బయట హారన్, అన్నీ. లైసెన్సు ఖర్చు లేని పది చేపలు నేను. ముప్పై ఏళ్ళు జనం నోళ్ళలో ఎక్కడ పుచ్చుందో చిటికెలో కనిపెట్టినదాన్ని, నా శనివారాల్లో ఉన్న పుచ్చు కనిపెట్టలేకపోయాను.

నిజం చెప్తే వాళ్ళకి జరిమానా. నాకు ఆ కారు వెనక సీటు పోతుంది. మళ్ళీ వారమంతా ఆ మిషనుతో మాట్లాడుకోవాలి.

"ముప్పై పైనవన్నీ నావే," అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఎస్కీలోంచి ఒక పెద్ద బ్రీమ్‌ని పైకి తీసింది. "ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. ఈ సైజు రావాలంటే పదేళ్ళు పైనే పట్టి ఉండొచ్చు. అందుకే లిమిట్ అంటే అంత పట్టింపు మాకు," అని దాన్ని జాగ్రత్తగా ఐసులో పెట్టింది. లేస్తూ మా నలుగురినీ చూసి నవ్వింది. "ఫ్యామిలీ అంతా కలిసి ఇలా రావడం బావుంది."

కారులో పండగే పండగ. "ఆంటీ, మస్తు చెప్పిన్రు! నాకైతే గుండె ఆగింది," అన్నాడు ఉపేంద్ర. వెంకీ వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టాడు. కిరణ్మయి మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"వచ్చే నెల మా అమ్మా నాన్నా దిగతన్నారుగా," అన్నాడు వెంకీ హుషారుగా. "నాన్నకి డెబ్బై దాటినాయి, ఆయనకీ లైసెన్స్ అక్కర్లేదు. ఇంక మనకి తిరుగేముంది!"

"ముందటేడు మా అత్తమ్మ మామయ్య వచ్చినప్పుడు చూడాలె ఆంటీ, ఫ్రీజర్ల జాగ లేకుండె," అన్నాడు ఉపేంద్ర. "వాళ్ళు రిటర్న్ అయినంక డల్ అయిపోయింది. అప్పుడే మీరు దొరికిన్రు."

"ఉపేంద్రా, ఇగ ఆపు," అంది కిరణ్మయి.

"వెంకీ వాళ్ళ అమ్మానాన్నా వస్తే కారులో ఎలా సరిపోతారు?" అని అడిగాను. గొంతు మామూలుగానే పెట్టాను. అయిదుగురు పట్టే కారు అది, ఆ లెక్క ఎవరికైనా వచ్చు.

"అప్పుడు చూద్దాం ఆంటీ, ఏదో ఒకటి అడ్జస్ట్ చేద్దాం," అన్నాడు ఉపేంద్ర.

ఆ రోజు నాకు రెండు కాదు, ఆరు ఇచ్చారు. అన్నిటికంటే పైన ఆ పెద్ద బ్రీమ్. పులుసు పెట్టే ఓపిక లేక, సింకులో వేసి, చేయి ఊరుకోక దాని నోరు తెరిచాను. దవడ పళ్ళు బాగా అరిగిపోయి ఉన్నాయి. ఎన్ని గుల్లలు నమిలితే అంత అరుగుతాయి! మనుషుల్లో అయితే ఆ పళ్ళు చూడగానే పెద్దాయన అనేసేదాన్ని.

పదేళ్ళు పైనే అంది ఆమె. మా వారు పోయి మూడేళ్ళు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరం ఆ జెట్టీ మీదికి వెళ్ళి చిప్స్ పొట్లం మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆయన చిప్స్ ముక్కలు పైన తిరిగే సీగల్ పక్షులకి వెయ్యకుండా నీళ్ళలోకి వేసేవారు. కింద కూడా ఎవరో ఒకరు ఉంటారుగా లీలా అనేవారు. అప్పుడు ఇది అక్కడే ఉండి ఉంటుంది, మా కాళ్ళ కింద. ఆయన్ని ఎరిగిన జీవి ఈ ఊళ్ళో ఇంకొకటి ఉందని నాకు తెలియనే తెలియదు. తెలిసేసరికి సింకులో ఉంది. నిలబడ్డచోటే వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత శనివారం కూడా హారన్ మోగింది. సున్నుండల డబ్బా పట్టుకుని వెళ్ళాను. నా గాలానికి ఒకటి పడింది, సైజు సరిపోయింది, ఉంచాను. వెంకీ నా పక్కకొచ్చి గాలం విసరబోతుంటే ఆపాను.

"నాకు ఇది చాలు నాయనా. నా పేరు మీద ఇంకేమీ పట్టకండి."

ఉపేంద్ర నవ్వుతూ వచ్చాడు. "ఏమైంది ఆంటీ? మొన్న ఆఫీసర్ వచ్చిందని భయపడ్తున్నారా? మళ్ళ ఇప్పట్ల రాదు."

"ఆవిడ వచ్చినా రాకపోయినా ఒకటే. నా వంతులో మిగతావి నీళ్ళలోనే ఉండనీండి."

"అందరూ చేస్తరు ఆంటీ. మనం ఓ పది ఎక్కువ పట్టంగనే నది ఖాళీ అయితదా?"

"ఒక్క పన్నే కదా అని వదిలేసినవాళ్ళు ఆఖరికి కట్టుడు పళ్ళకి వచ్చేవారు నా దగ్గరికి. నువ్వన్నట్టు అందరూ చేస్తే, అందరికీ తలో పదీ ఎక్కువే. ఎక్కడి నుంచి వస్తాయి బాబూ? పదేళ్ళు పడుతుందిట ఒక్కోటి పెరగడానికి."

అతని నవ్వు పోయింది. "మిమ్మల్ని ఫ్యామిలీ అనుకుంటున్నం ఆంటీ మేము. మీరేమో రూల్స్ మాట్లాడ్తున్రు."

నాకు కోపం తన్నుకొచ్చింది. అయినా ఆ మాట చెవులకి తియ్యగానే తగిలింది, అదీ నా ఖర్మ. అందుకే సూటిగా అడిగేశాను. "ఫ్యామిలీ అయితే ఒక్క మాట చెప్పు. వచ్చే శనివారం కూడా నేను ఒక్క చేపే తీసుకుంటాను, నా పది మీకు రావు. అయినా వచ్చి హారన్ కొడతావా?"

"ఎందుకు కొట్టం ఆంటీ!" అన్నాడు. అనడానికి కాస్త ఆలస్యమైంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పాటలు పెట్టారు. గేటు దగ్గర దిగాను. సున్నుండల డబ్బా కారులోనే ఉండిపోయింది.

ఆ వచ్చే శనివారం టోపీ పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదయింది, తొమ్మిదయింది. వీధిలో ఏ కారు వెళ్ళినా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. నాకు తెలుసు రారని. అడిగినప్పుడే తెలుసు. తెలిసి కూడా టోపీ తియ్యడానికి మధ్యాహ్నమైంది. ఆ పై శనివారం టోపీ పెట్టుకోలేదు, కానీ తొందరగానే స్నానం చేశాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటారేమో. ఏమని చెయ్యను? నా పది చేపలూ ఇస్తాను, నన్ను తీసుకెళ్ళండి అనా?

అలా అనాలనిపించింది కూడా. ఒకరోజు ఫోను చేతిలోకి తీసుకుని ఉపేంద్ర పేరు దాకా వెళ్ళాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ముసలి చేప పళ్ళు కళ్ళ ముందు మెదలకపోతే నొక్కేసి ఉండేదాన్నే.

చివరికి నా మీద నాకే విసుగొచ్చి, షాపుకి వెళ్ళి చిన్న రాడ్డు ఒకటి కొన్నాను. శనివారం కారు నేనే నడుపుకుని జెట్టీకి వెళ్ళాను; వాళ్ళు అక్కడ లేరు, ఇంకో చోటికి మారినట్టున్నారు. గాలం విసరడం చూసినంత తేలిక కాదు. మొదటిసారి నా టోపీకే తగులుకుంది. రెండోసారి జెట్టీ చెక్కకి. పక్కనున్న ఇటాలియన్ ముసలాయన ముసిముసిగా నవ్వుతుంటే, "నీ పై వరసలో మూడు కట్టుడు పళ్ళు, నాకు ఇక్కడ్నుంచే తెలుస్తోంది, ఊరుకో" అని తెలుగులో అన్నాను. ఏం అర్థమైందో తల ఊపాడు.

దుప్పటి నేనే కప్పుకున్నాను. టీ నేనే పోసుకున్నాను. ఒకళ్ళు పోసిచ్చిన టీకీ మనం పోసుకున్న టీకీ రుచి తేడా ఉంటుంది, అల్లం ఒకటే అయినా.

చాలాసేపటికి ఒక బ్రీమ్ పడింది. కొలబద్ద మీద పెట్టాను, సరిపోయింది, ఉంచాను. కాసేపటికి మళ్ళీ లాగింది, ఈసారి బరువుగా. కిందా మీదా పడి పైకి తెచ్చేసరికి పెద్దది. గాలం తీస్తూ నోట్లోకి చూశాను. అరిగిన పళ్ళు.

చెయ్యి తడుపుకుని దాన్ని పట్టుకుని ఒంగుతుంటే వెనకాల బూట్ల చప్పుడు. ఆ ఆఫీసరే. నన్ను గుర్తుపట్టింది. నా బక్కెట్లోకి తొంగి చూసింది.

"ఒకటే ఉంది. ఇది కూడా ఉంచుకోవచ్చు మీరు. ఇంకో తొమ్మిది దాకా ఉంచుకోవచ్చు," అంది.

"ఒకటి చాలు."

"మీ ఫ్యామిలీ రాలేదా ఇవాళ?"

ఇంటికి చుట్టాలొచ్చారు, వచ్చే వారం వస్తారు, అని నోటిదాకా వచ్చింది. మన వాళ్ళకి ఆ అబద్ధం ఉగ్గుపాలతో పాటే పోస్తారు. పరువు వాళ్ళదో నాదో తెలియదు గానీ, దాన్ని ఎందుకో ఆ రోజు కాపాడలేకపోయాను.

"ఫ్యామిలీ లేదు," అన్నాను. "తినేది నేనొక్కదాన్నే."

చేతిలో చేపని నీళ్ళలో పెట్టాను. కాసేపు నా వేళ్ళ మధ్యే ఆగి, తోక ఒక్కసారి ఆడించి, జెట్టీ కిందికి వెళ్ళిపోయింది. ఆఫీసరు వెళ్తూ వెళ్తూ నా కుర్చీ మీంచి జారిపోయిన దుప్పటిని తీసి మడిచి పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు నా స్టీలు డబ్బా. సున్నుండల డబ్బా. తోమి, తుడిచి, చాప మీద పెట్టి ఉంది. చీటీ ఏమీ లేదు.

చేపని పక్కన పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. మనలో ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసిస్తారు. ఖాళీగా ఇచ్చారంటే ఇంక రాకపోకలు లేవని. లోపల ఖాళీగా ఉంటే నేను భరించగలనా అని భయం వేసింది. మా వారి ఆస్పత్రి రిపోర్టుల కవరు విప్పినప్పుడు వేసిన భయం అది.

మూత తీశాను. అడుగున గుప్పెడు పంచదార.

కిరణ్మయి. ఇంకెవరు? ఉపేంద్ర ఆ ఆలోచన వచ్చే మనిషి కాదు. శనివారం పొద్దున్న, మగవాళ్ళు చేపలకి వెళ్ళిన వేళ, ఆ పిల్ల ఒక్కతీ ఇక్కడికి వచ్చి బెల్లు కొట్టి ఉంటుంది. ఇన్ని శనివారాలు కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నదాన్ని, ఒక మనిషి వచ్చిన రోజున ఇంట్లో లేను. నన్ను నేను నోరారా తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే పంచదార వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. పళ్ళకి మంచిది కాదు.

ఆ సాయంత్రం పులుసు పెట్టాను. ఉన్నది ఒక్క చేప. చింతపండు కాస్త ఎక్కువ పిసికాను, రెండు ఉల్లిపాయలు ఎక్కువ వేశాను. తల, తోక నాకు ఉంచుకున్నాను. మా వారు ఎప్పుడూ నాకు వదిలే నడుమ్ముక్క డబ్బాలో పెట్టి, నిండా పులుసు పోసి, మూత గట్టిగా నొక్కాను.

వాళ్ళ ఇల్లు పక్క ఊరు టార్నీట్‌లో. ఒక్క ముక్కనే తెచ్చిన్రేంది ఆంటీ అని ఉపేంద్ర నవ్వొచ్చు. తలుపే తియ్యకపోవచ్చు. డబ్బా ఒక టవల్లో చుట్టి పక్క సీట్లో పెట్టి, ఒలక్కుండా దానికి కూడా బెల్టు పెట్టాను. వాళ్ళ గేటు ముందు కారు ఆపాను. హారన్ మీద చెయ్యి పెట్టి కాసేపు ఆగి, కొట్టాను.